కేబుల్ పదును

రిటైరైన మనిషికి ముందుగా కూర్చోవడం రావాలి. సదయ్యకు అదొక్కటే రాలేదు. బొగ్గు గనిలో, వాళ్ల మాటలో బాయిలో, ముప్పై ఏళ్లకు పైగా కేబుల్ పని చేసి, మెడలో పూలదండ, భుజాన శాలువా వేయించుకొని ఇంటికొచ్చిన మనిషి, ఆ మర్నాటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. ఫస్టు షిఫ్టు సైరన్ వినగానే లేస్తాడు. ముఖం కడుక్కుంటాడు, చాయ తాగుతాడు, చెప్పులు వేసుకుంటాడు, ఎటు పోవాలో తోచక గడపలో నిలబడతాడు. గోదావరిఖనిలో ఇలాంటి వాళ్లు వీధికి నలుగురుంటారు, చౌరస్తా చాయ హోటళ్లు వాళ్ల పుణ్యాన్నే నడుస్తాయి. సదయ్యకు హోటల్లో కూడా కుదురు లేదు. కూర్చున్న చోట జేబులోంచి మడత చాకు తీసి టక్కున తెరుస్తాడు, టక్కున మూస్తాడు. పక్కనున్నవాడు కాసేపు చూసి, తన కప్పు తీసుకొని వేరే బల్ల మీదికి జరుగుతాడు.

ఆ చాకు ఆయన డ్యూటీలో చేరిన కొత్తలో కొన్నది. బాయి లోపల మిషన్లకు కరెంటు తీసుకుపోయే కేబుల్ అంటే లావుపాటి రబ్బరు మోకు అనుకోండి. పైనుంచి బండ పడితే తెగుతుంది, మిషన్ కింద నలిగినా తెగుతుంది. తెగిన చోట రబ్బరు ఒలిచి, లోపలి రాగి తీగలు కలిపి, టేపు చుట్టి, ఆగిన పని మళ్లీ నడిపించడం సదయ్య ఉద్యోగం. దానికి కావలసింది ఒక చాకు, ఒక టేపు చుట్ట, చీకట్లో బెదరని గుండె. మూడూ ఆయనకున్నాయి. చాకు పిడి ఎన్నోసార్లు మారింది, అలుగు సగానికి అరిగింది, అయినా అదే చాకు అంటాడు. నవ్వితే ఊరుకోడు.

మరొకటి కూడా ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. చివరి షిఫ్టు చేసి వచ్చిన నాటి డ్యూటీ బట్టలు. చొక్కా, ప్యాంటు బొగ్గు పొడితో బిర్రబిగిసి ఉన్నాయి. భార్య సారవ్వ వాటిని ఉతకబోతే చేతిలోంచి గుంజుకొని, పాత పేపర్లో చుట్టి సందుగ పెట్టెలో పెట్టాడు.

"ఉతుకకుంటె మక్కిపోతయి గదా" అంది సారవ్వ.

"మక్కనీ."

ఆ బట్టలు ఉతికి ఆరేస్తే డ్యూటీ నిజంగా అయిపోయినట్టేనని లోపలెక్కడో ఒక పిచ్చి భయం. అటువంటి భయాలు పెళ్లానికి చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు.

సారవ్వ మాటలు తక్కువ మనిషి, తొక్కులు ఎక్కువ మనిషి. ఆమె మామిడికాయ తొక్కు జాడీ లేని ఇల్లు ఆ క్వార్టర్ల లైనులో ఉండదు. దానికి కారణం ఆమె చెయ్యి అని లైనంతా అంటుంది, చెట్టు అని ఆమె అంటుంది. క్వార్టర్ వెనక బట్టలుతికే బండ పక్కన ఉన్న మామిడి చెట్టు అది. ఎవరూ నాటలేదు. ఎప్పుడో తిని పారేసిన టెంక. సారవ్వ రోజూ డ్యూటీ బట్టలను ముందు ఉత్త నీళ్లలో నానబెట్టి జాడించేది. ఆ నల్లటి నీళ్లు మొలక మొదట్లో పారబోసి, ఆ తర్వాతే సబ్బు పెట్టేది. సబ్బు నీళ్లు చెట్టుకు పడవని ఆమె నమ్మకం. అట్లా ఏళ్లకేళ్లు బొగ్గు నీళ్లు తాగిన చెట్టు గోడ దాటి పెరిగింది. దాని కాయ కొరికితే పళ్లు జివ్వుమంటాయి. పీచుండదు, ఏడాది గడిచినా జాడీలో ముక్క మెత్తబడదు. లైనువాళ్లు దానికి బొగ్గు మామిడి అని పేరు పెట్టారు. మందమర్రికి బదిలీ అయిపోయిన వాళ్లు కూడా ఎండాకాలం రాగానే సంచీ ఇచ్చి మనిషిని పంపేవాళ్లు. బొగ్గు మామిడి అక్క ఇల్లేదని అడిగితే ఎవరైనా చూపిస్తారు, సారవ్వ ఇల్లంటే కొంచెం ఆలోచిస్తారు.

ఇప్పుడు ఆ లైను పోతోంది. నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని జరుగుతూ జరుగుతూ పెరటి దాకా వచ్చింది. మధ్యాహ్నం సైరన్ కొట్టి బ్లాస్టింగు కాగానే గిన్నెలు గలగలలాడతాయి, గోడ సున్నం రాలి అన్నంలో పడుతుంది. ఈ వానాకాలంలోనే పాత క్వార్టర్లు కూలగొడతారని గోడల మీద ఎర్ర రంగు గుర్తులు కూడా పెట్టి పోయారు. రిటైరైన సదయ్య ఎట్లాగూ ఖాళీ చెయ్యవలసినవాడే. గోదావరి అవతల నస్పూర్‌లో, బిడ్డ రాజకుమారి ఇంటి పక్కన, రెండు గదులూ చిన్న దొడ్డీ ఉన్న ఇల్లు కుదుర్చుకున్నారు. అన్నీ కుదిరాయి గానీ సారవ్వకు చెట్టు సంగతి కుదరలేదు.

"చెట్టును ఇడిసిపెట్టి నేను రాను" అంది ఒక పొద్దున, చాయ గిలాస ముందు పెట్టి.

"చెట్టును మూట గడ్తవా ఏందే? ఒక టెంక తీస్కపోయి పెట్టుకో."

"టెంక పెడితె తల్లి లెక్క రాదు, మేనత్త లెక్క వస్తది. ఎంతమందికియ్యలే నేను టెంకలు! ఒక్కల కాయన్న గిట్లున్నదా? అంటు గట్టాలె. దీని పుల్ల మొలకకు గడ్తె మల్ల గిదే చెట్టయితదట. నాకు గది గావాలె." ఆగి, మొగుడి ముఖంలోకి చూసింది. "ఇన్నేండ్ల సంది నిన్నేమన్న అడిగిన్నా?"

సదయ్య చాకు మూయడం మరిచిపోయాడు. నిజమే, అడగలేదు. పట్టుచీర అడగలేదు, యాత్రలు అడగలేదు. పండుగ నాడు డ్యూటీకి పోతుంటే ఒక్క రోజు ఆగమని కూడా అడగలేదు. అడగని మనిషి అడిగితే కాదనడం ఎవరి వల్లా కాదు. సదయ్యకు సిగ్గేసింది, సంబరమూ వేసింది. చేతికి పని దొరికిందన్న సంబరం అది.

"ముప్పై ఏండ్లు కేబుళ్లు గలిపిన. కొమ్మలు గలుపనా? జాయింటు జాయింటే గదా!" అన్నాడు.

మంథని రోడ్డు మీద పూలమ్మ అనే ఆవిడ నర్సరీ నడుపుతుంది. సదయ్య ఆమె దగ్గరికి పోయి, కూర్చోమన్నా కూర్చోకుండా, చెట్ల మధ్య తిరుగుతూనే నేర్చుకున్నాడు. పని వినడానికి తేలిక. కొమ్మ చివరి పుల్లలకు ఆకులు తెంపేసి కొన్నాళ్లు ఆగాలి. వాటి మీది మొగ్గలు, కండ్లంటారు వాటిని, ఉబ్బగానే పుల్ల కోసి, కొసను రెండు పక్కలా ఏటవాలుగా మేకులా చెక్కాలి. సంచిలో ఉన్న లేత మొలక తల కొట్టి, నడుమ చీల్చి, పుల్లను అందులో దోపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలి.

"ఒక్క గీతల చెక్కాలె, అన్న. రెండోసారి పెట్టద్దు. కోత నున్నగుంటెనే పట్టుకుంటది" అంది పూలమ్మ.

"జాయింటు సంగతి నాకు చెప్తవా, చెల్లె!" అన్నాడు సదయ్య. పూలమ్మ నవ్వి, తన పనిలో పడిపోయింది.

ఇంటికొచ్చి పుల్లలకు ఆకులు తెంపి, కండ్లు ఉబ్బిన రోజున బట్టలుతికే బండ మీద చాకును రెండు వైపులా గరగర నూరాడు. పదును చూడటానికి ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. సంచిలో దాచుకున్న పాత కేబుల్ ముక్క తీసి అలుగు ఆనించి లాగాడు. రబ్బరు కరకర తెగింది. మీసం మీద చెయ్యేసుకొని పూలమ్మ దగ్గర కొని తెచ్చిన మామిడి మొలకలన్నిటికీ వరుసగా పుల్లలు కట్టేశాడు. కట్టు మీద కట్టు సగం ఎక్కేలా, బాయిలో టేపు చుట్టినట్టే చుట్టాడు. సారవ్వ పక్కన కూర్చొని పట్టీలు చింపి అందించింది. ఎన్నాళ్లకో ఇద్దరూ ఒకే పని చేశారు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. అంటు కట్టినవాడు ఆగాలి. సదయ్య గంటకోసారి పెరట్లోకి పోయి సంచుల ముందు వంగుతాడు. పట్టిందా? లేదా? పట్టీ మీద వేలు పెట్టి నొక్కుతాడు. సారవ్వ వంటింట్లోంచి అరుస్తుంది, ఇవతలికి వస్తాడు, మళ్లీ పోతాడు. వారం తిరిగేసరికి పుల్లలు ఒకటొకటే నల్లబడ్డాయి. అన్నీ పోయాయి.

ఎండిన సంచి ఒకటి పట్టుకొని పూలమ్మ దగ్గరికి పోయాడు. ఆమె పట్టీ విప్పి చూసింది.

"కట్టు మాత్రం మస్తుగున్నది, అన్న. నేను గూడ గిట్ల గట్ట. కోత చూడు, ఎలుక కొరికినట్టున్నది. నీ చాకు మొద్దు."

ఆ మాట సదయ్యకు ఎక్కడో తగిలింది. పెళ్లాన్ని అన్నా పడేవాడేమో గానీ చాకును అంటే పడడు. జేబులోంచి కేబుల్ ముక్క తీసి, అక్కడే నిలబడి ఒక్క లాగుకు రెండు ముక్కలు చేసి చూపించాడు. "ఇది మొద్దా?"

"ఏమో మల్ల" అంది పూలమ్మ. "ఇంకింత పదును గావాలె గావచ్చు."

ఇంకింత పదును. ఆ మాట పట్టుకొని తిరిగాడు సదయ్య. ఒకప్పుడు సైకిలు చక్రానికి సాన కట్టుకొని వీధుల్లో తిరిగే మనిషి వచ్చేవాడు, లైన్లు ఖాళీ అవుతున్నప్పటి నుంచి అతనూ రావడం మానేశాడు. పైగా మామిడి సొన అంటితే అలుగు తొందరగా మొద్దుబారుతుంది. నాలుగు పుల్లలు చెక్కగానే మళ్లీ నూరాలి. ఆ బండ దగ్గరికీ ఈ మొలక దగ్గరికీ ఉరుకుతుంటే కోసిన పుల్ల ఆరిపోతుంది. సాన కూడా చాకులాగే జేబులో ఉండాలి. బిడ్డకు ఫోన్ చేస్తే, "మంచి మంచియి ఉన్నయి నాయినా, ఫోన్ల ఆర్డర్ పెడ్త, నాలుగైదు రోజులల్ల వస్తది" అంది. నాలుగైదు రోజులు ఆగేవాడైతే ఆయన సదయ్య ఎందుకవుతాడు? అప్పటికప్పుడు లక్ష్మీనగర్‌లో ఇనుప సామాన్ల దుకాణానికి పోయాడు.

దుకాణదారు అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పరికరం ఒకటి చూపించాడు. దానికి రెండు సందులున్నాయి. సందులో చాకు పెట్టి నాలుగుసార్లు లాగితే చాలన్నాడు. సదయ్య లాగాడు. ఉక్కు పొడి సన్నగా రాలింది. వెంటనే కేబుల్ ముక్క తీసి కోశాడు. అబ్బ! వెన్నలోకి దిగినట్టు దిగింది. చవక, జేబులో పడుతుంది, కరెంటు అడగదు. ఇంకేం కావాలి? మారు మాట్లాడకుండా కొనుక్కొని, దారి పొడుగునా చాకును దాంట్లో పెట్టి లాగుతూ ఇంటికొచ్చాడు. ఆటోలో పక్కన కూర్చున్న పిల్లవాడి తల్లి పిల్లవాణ్ని ఒళ్లోకి లాక్కుంది.

రెండోసారి కట్టిన అంట్లు మొదటివాటికంటే ముందే నల్లబడ్డాయి.

ఎండిన సంచులను సారవ్వే తీసి పక్కకు పెట్టి, చెట్టు కింద నిలబడి పైకి చూసింది. పక్క లైన్లో అప్పటికే కూల్చడం మొదలైంది. ఇటుకలు పడే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. సదయ్య ఆమెనే చూస్తూ లెక్కేసుకున్నాడు. బాయిలో ఎన్ని జాయింట్లు చేశాడు, ఒక్కటి విఫలమైతే మనుషుల ప్రాణాల మీదికి వచ్చేది. అవేవీ విఫలం కాలేదు. ఈ ముసలిది ఒక్కటి అడిగితే ఇది చెయ్యలేకపోయాడు. పంతం పక్కన పెట్టి, కట్టి పెట్టమని అడగడానికి పూలమ్మ దగ్గరికి పోయాడు. ఆమె మొక్కల లారీతో ఎటో పోయిందట, ఎప్పుడొస్తుందో తెలియదట.

తిరిగొచ్చి ఉతికే బండ మీద కూర్చొని, కళ్లద్దాలు పెట్టుకొని, చెక్కిన పుల్లను కంటికి దగ్గరగా పెట్టి చూశాడు. కోత నిండా తెల్లటి నూగు. పీచులు లేచి ఉన్నాయి. ఎలుక కొరికినట్టే ఉంది. చాకు అంచు మీద గోరు పెట్టి మెల్లగా జరిపాడు. గోరు గరగరమంటూ ఆగి ఆగి కదిలింది. అప్పుడు తట్టింది ఆయనకు.

కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ రాయమల్లు. నున్నగా నూరిన చాకుతో రబ్బరు కోయబోయి సదయ్య బొటనవేలు కోసుకుంటే, ఉస్తాద్ తల మీద ఒకటిచ్చి చెప్పాడు. "నున్నగ నూరకురా. నున్నటిది రబ్బరు మీద జారి నీ వేలు మీద వడ్తది. గరుకు ఉంచు. రంపం లెక్క పండ్లుండాలె. గది కేబుల్ పదును." ఆ రోజు నుంచి సదయ్య చాకుకు పళ్లు పెట్టడమే పదును అనుకున్నాడు. కేబుల్ మీద కోసి చూసి, పళ్లు బాగా లేచినప్పుడల్లా మురిసిపోయాడు. ఆ ప్లాస్టిక్ పరికరాన్ని ఎంచింది కూడా కేబుల్ ముక్కే. రబ్బరుకు ఎంత నచ్చితే మామిడికి అంత చెడ్డదని ఎవరికి తెలుసు? మంచి పనివాడు కాబట్టే తప్పు చేశాడు. సదయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియక, "ఓ ఉస్తాదూ!" అని ఒక్క కేక పెట్టాడు.

ఇంతలో సామాను తరలించే రోజు వచ్చింది. సారవ్వ జాడీలు ఒళ్లో పెట్టుకొని, బిడ్డతో పాటు ట్రాలీ ఆటోలో నస్పూర్ పోయింది. చివరగా మిగిలిన మొలకల సంచులను సదయ్య పెరటి గోడ నీడన ఉంచాడు. చెట్టు మీద పుల్లలకు ఆకులు తెంపి ఉంచాడు, కండ్లు ఉబ్బి సిద్ధంగా ఉన్నాయి. మొదట సాన కొనాలి, వచ్చి పుల్లలు కోసి కట్టాలి, సాయంత్రానికి సంచులతో నది అవతలికి చేరాలి. తమ వరుస కూల్చడానికి ఇంకా టైముందని ఆయన లెక్క. క్వార్టర్ నంబర్ల వరుసలోనే పడగొట్టుకుంటూ వస్తారు కదా అనుకున్నాడు.

ఈసారి దుకాణానికి కేబుల్ ముక్క తీసుకుపోలేదు. చంకలో మామిడి పుల్లల కట్ట పెట్టుకొని పోయాడు.

"కాకా, ఇది దుకాణమా, మేకల దొడ్డా?" అన్నాడు దుకాణదారు.

"నీ దగ్గరున్న సానలన్ని తియ్యి. ఒక్కోటి నూరి, ఒక్కో పుల్ల చెక్కి చూస్త."

"అన్ని నూరితె నేనేం అమ్మాలె?"

"అన్ని నూరినంకనే ఒకటి కొంట."

దుకాణదారుకు గిరాకీ లేక సరదాగానే ఉంది. మటన్ కొట్టేవాళ్ల ఉక్కు కడ్డీ తీశాడు. అది జేబులో పట్టదు, దానితో నూరితే పుల్ల నున్నగానూ రాలేదు. మోటరుది ఒకటి చూపించాడు, సదయ్య దాన్ని ముట్టనే లేదు. తళతళలాడే వజ్రపు పూత రేకు ఒకటి ఇచ్చాడు. అది పదును బాగానే పెట్టింది గానీ, ఉన్న ఒక్క మొఖమూ గరుకు, నున్న చెయ్యదు. ధర వింటే దాన్ని వాడటం కన్నా మెడలో వేసుకోవడం మేలనిపించింది. చివరికి అడుగు సొరుగులోంచి ఒక చిన్న రాయి దొరికింది. చూపుడు వేలంత పొడవు, ఒక మొఖం గరుకు, ఇంకో మొఖం నున్నగా జారుతోంది, తోలు సంచిలో ఉంది. అన్నిట్లోకీ చవక. ముందు గరుకు మొఖం మీద చాకు పళ్లన్నీ అరగదీసి, తర్వాత నున్నటి మొఖం మీద మెల్లగా తిప్పాడు. గోరు ఆనిస్తే జారిపోయింది. పుల్ల చెక్కాడు. కోత తడిగా మెరిసింది, ఒక్క పీచు లేవలేదు. సదయ్య దాన్ని వెలుతురుకేసి తిప్పి తిప్పి చూశాడు.

"గీ రాయి ఎవలూ అడుగరు కాకా" అన్నాడు దుకాణదారు. "ఓపిక గావాలె దానికి."

ఓపిక అన్న మాటకు సదయ్యకే నవ్వొచ్చింది. రాయిని చొక్కా జేబులో వేసుకొని ఆటో ఎక్కాడు.

లైను మలుపు తిరిగేసరికి ఆకాశం ఎక్కువగా కనిపించింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాత చూశాడు, చెట్టు లేదు. కూల్చే మిషన్ డ్రైవర్ రాత్రి బండి ఇటు చివర నిలిపాడట, సదయ్య దుకాణానికి పోగానే ఇటు నుంచే మొదలుపెట్టాడు. గోడ పడింది, గోడతో పాటు చెట్టు పక్కకు ఒరిగి, వేళ్లు పైకి లేపుకొని పడి ఉంది. ఉతికే బండ రెండు ముక్కలైంది. సదయ్య ఇటుకల మీదికి ఉరికాడు.

"తాతా, లోపలికి రావద్దు!" డ్రైవర్ దిగొచ్చాడు. కొమురెల్లి అని, కాంట్రాక్టు పని చేసే మనిషి. "క్వార్టర్ ఖాళీ అని చెప్పిండ్రు నాకు."

"ఖాళీయే" అన్నాడు సదయ్య. "చెట్టు వద్దు నాకు. పుల్లలు గావాలె."

కొమురెల్లికి ఏమర్థమైందో గానీ, ముసలివాడి ముఖం చూసి తగ్గాడు. "నేను అన్నం తినొస్త. గంతలోపల కోసుకో. సైరన్ గొడ్తె మాత్రం ఉరుకాలె, బ్లాస్టింగుంది."

సదయ్య ఇటుకల కింద నుంచి సంచులు లాగాడు. చాలా మొలకలు నలిగిపోయాయి, కొన్ని నిలబడి ఉన్నాయి. పడిన కొమ్మల్లో ఆకులు తెంపిన పుల్లలు వెతికాడు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి, చెట్టుకు తాను పడిపోయినట్టు ఇంకా తెలియదు. పడిన మాను మీదే కూర్చున్నాడు. ఇల్లు లేదు, బండ లేదు, నల్లా లేదు. జేబులో రాయి ఉంది. ఆకు దొప్పలో నిలిచిన వాన నీళ్లు దాని మీద పోసి, నున్నటి మొఖం మీద చాకు తిప్పాడు. ఒక పుల్ల చెక్కాడు, మెరిసింది. దోపాడు, కట్టాడు. సొన అంటింది, మళ్లీ రాయి మీద తిప్పాడు. పైన ఎండ, దూరంగా లారీల రొద, ఎప్పుడైనా సైరన్ కొడుతుందన్న గుబులు. ఆ గుబులంతా ఒంట్లో ఉన్నా, చేతులు మాత్రం తొందరపడలేదు. రిటైరైన తర్వాత అవి నిలకడగా ఉండటం అదే మొదటిసారి.

ఆఖరి సంచికి పట్టీ చుడుతుండగా సైరన్ కొట్టింది. కొమురెల్లి ఉరికొచ్చాడు. "లే తాతా, జల్ది!"

"ఒక్క చుట్టు" అన్నాడు సదయ్య. ఆ చుట్టు పూర్తయ్యే దాకా లేవలేదు. కొమురెల్లి తిట్టుకుంటూనే సంచులన్నీ సిమెంటు బస్తాలో పేర్చి భుజానికెత్తుకున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటాక వెనక నేల అదిరింది, దుమ్ము లేచింది.

నస్పూర్‌లో బస్తా దించేటప్పటికి పొద్దు గూకుతోంది. సారవ్వ మొగుడి ముఖం చూసింది, సంచులు చూసింది.

"చెట్టు వడ్డదా?"

"వడ్డది."

సారవ్వ సంచులను ఒకటొకటిగా తీసుకుపోయి దొడ్డిలో నీడన పెట్టింది. తర్వాత వంటింట్లోకి పోయి, జాడీల ముందు కూర్చొని ఏడ్చింది. సదయ్య తలుపు దగ్గర నిలబడి చూశాడు. లోపలికి పోయి పక్కన కూర్చోవాలనిపించింది, కూర్చోవడం చేతకాక అక్కడే నిలబడ్డాడు.

మళ్లీ ఎదురుచూపు. సదయ్యకు మళ్లీ దురద. రెండు రోజులు కాగానే ఒక సంచి ముందు వంగి, లోపల ఎట్లుందో చూద్దామని పట్టీ విప్పాడు. అప్పుడప్పుడే అతుక్కుంటున్న పుల్ల ఊడి చేతిలోకి వచ్చింది. సారవ్వ వెనకే నిలబడి చూసింది.

"చాకు కింద వెట్టు" అంది.

కత్తిని చేతికి చేతికి ఇచ్చుకుంటే కొట్లాట వస్తుందని వాళ్ల నమ్మకం. సదయ్య చాకును నేల మీద పెట్టాడు. సారవ్వ దాన్ని తీసుకుపోయి సందుగలో వేసి, తాళం చెవి కొంగున ముడేసుకుంది. అంట్ల సంగతి తేలేదాకా చాకు లేదు. చెయ్యి ఖాళీ అయి సదయ్య పిచ్చివాడిలా తిరిగాడు. రోజుకు ఎన్నిసార్లు జేబు తడుముకున్నాడో. జేబులో రాయి ఒక్కటే తగిలేది, దాన్నే బొటనవేలితో రుద్దుకుంటూ దొడ్డి చివరి దాకా పోయి వచ్చేవాడు.

ఒక పుల్ల నల్లబడింది. ఇంకొకటి. ఇంకొకటి. ప్రతిసారీ సారవ్వ ఆ సంచిని తీసి పక్కన పెట్టేది. ఒక్కటి మిగిలింది. అది నల్లబడలేదు, అట్లాగని చిగురించనూ లేదు. సదయ్య దానివైపు చూడటం మానేశాడు. చూస్తే పోతుందేమోనని భయం. తన బాయి సైరన్ వినబడని ఈ ఊళ్లో కూడా తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, లేచి అరుగు మీద నిలబడి దొడ్డి వైపు వీపు పెట్టేవాడు.

వానలు పట్టి వెలిసిన ఒక పొద్దున సారవ్వ దొడ్డిలోంచి పిలిచింది.

"రాజీ నాయినా! ఇటు రా. నీ జాయింటు పట్టింది."

పోయి వంగాడు. పుల్ల కొసన చిగురు. పచ్చ కాదు, ఎర్రగా మెరుస్తోంది. రబ్బరు ఒలిస్తే లోపల బయటపడే కొత్త రాగి తీగ రంగు. సదయ్య చాలాసేపు ఆ రంగునే చూశాడు. కళ్లు నిండాయి, తుడుచుకోలేదు.

రాజకుమారి పూలమ్మకు ఫోన్ కలిపింది. "పట్టీ కొయ్యండ్రి ఇగ, లేకుంటె మెడకు బిగుస్తది. మెల్లగ" అందామె. చాకు కావాలి. సారవ్వ కొంగు ముడి విప్పి తాళం చెవి నేల మీద పెట్టింది.

సందుగ తెరిచాడు సదయ్య. చాకు పేపరు మూట మీద ఉంది. చాకు తీశాడు. మూత వెయ్యబోయి ఆగాడు. మూట కూడా తీశాడు.

రాయి మీద చాకును నాలుగుసార్లు తిప్పి, పట్టీని ఒక్క గీతతో కోశాడు. అతుకు దగ్గర పచ్చటి కణుపు కట్టింది, ఎక్కడ మొలక, ఎక్కడ పుల్ల తెలియలేదు. తర్వాత చాకు మూసి, బకెట్టు తెచ్చి నీళ్లు నింపాడు. పేపరు విప్పాడు. చొక్కా, ప్యాంటు ఆ రోజు విడిచినప్పటిలాగే ఉన్నాయి. బాయి వాసన గుప్పున కొట్టింది. కాసేపు చేతిలో పట్టుకొని నిలబడి, రెండింటినీ నీళ్లలో ముంచాడు. నీళ్లు వెంటనే నల్లబడ్డాయి.

సారవ్వ అన్నీ చూస్తూ నిలబడింది. ఇప్పుడేదో అంటుందని సదయ్య తల వంచుకొని చూశాడు. ఆమె వచ్చి బకెట్టు పక్కన చతికిలపడి, సబ్బు పెట్టె కొంచెం దూరం జరిపింది.

"ముందుగాల ఉత్త నీళ్లల్లనే జాడియ్యి" అంది. "సబ్బు చెట్టుకు పడది."